కుప్పకు ఇచ్చిన బహుమతి

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నన్ను కోకాపేట దగ్గరి రిజర్వు అడవికి డిప్యూటీ రేంజ్ ఆఫీసరుగా వేశారు. రేంజర్‌కు కింద, సెక్షన్ ఆఫీసర్లకు పైన ఉండే ఉద్యోగమది. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. వెళ్లగానే కొత్త పని అప్పజెప్పారు. ఆదివారం ఆదివారం చుట్టుపక్కల టవర్లలోని ఐటీ ఉద్యోగులకు అడవిని బాగుచేయడం నేర్పాలట. మొదటి పాఠం లాంటానా. రంగురంగుల పూలతో ముద్దుగా కనిపించే ఈ ముళ్లకంప అల్లుకుందంటే కింద గడ్డిపరకను కూడా మొలవనివ్వదు.

ఆ అడవిలో ఏళ్ల తరబడి లాంటానా తీస్తున్నది యాదమ్మ అనే రోజుకూలీ. వాలంటీర్లు ఊరికే చేస్తుంటే ఇక ఆమె ఎందుకు, వానలు పడ్డాక మానిపిద్దాం అన్నారు రేంజర్ గారు. ఆ మాట ఆమెకు చెప్పే భాగ్యం నాకే దక్కింది. అంతా విని, తనూ క్లాసుకొస్తానంది.

వచ్చినవాళ్లవి కొత్త బూట్లు, కొత్త గ్లౌజులు. మొదలు చుట్టూ తవ్వి, మట్టిలోపల వేరు నరికి, పొదను తలకిందులుగా బోర్లించాలని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. హుషారెక్కి, ఏ జట్టు కుప్ప పెద్దదైతే వాళ్లకు బహుమతి అనేశాను. ఇంకేముంది, గడ్డపారలు పక్కన పడేసి కొమ్మలు సరసరా నరికారు. ఒకాయన గంటగంటకూ కుప్పల ఎత్తు కొలిచి ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ గీశాడు. గెలిచిన కుప్ప నా జీపు కంటే ఎత్తు. యాదమ్మ మాత్రం ఒక మూల తవ్వుకుంటూ గట్టిగా లెక్కేస్తే పది పొదలు తీసింది. ఇంతేనా అని ఆటపట్టించాను.

"జర వానలు పడనియ్యుండ్రి సార్," అంది.

నేను గెలిచిన జట్టుకు బహుమతి ఇచ్చి, ఫొటోలు దిగి, లాంటానా నిర్మూలన సంపూర్ణం అని రిపోర్టు పంపేశాను.

వానలు పడ్డాయి. రేంజర్ గారు తనిఖీకొచ్చారు. గెలిచిన జట్టు నరికిన చోట ఒక్కో మోడుకు పదేసి కొమ్మలు లేచి, నిండా పూత మీదున్నాయి. యాదమ్మ తీసిన మూలన పచ్చగా గడ్డి. రేంజర్ గారు నా రిపోర్టు తీసి, 'సంపూర్ణం' అన్న మాట మీద వేలుపెట్టి చూపించారు. నాకు సిగ్గేసింది. అయినా అడగాల్సింది అప్పుడే అనిపించి, యాదమ్మను తీసేస్తే ఈ క్లాసు నావల్ల కాదని, పాఠం చెప్పాల్సింది ఆమేనని అన్నాను. ఆయన ఆ గడ్డి వంక చూసి, సరే కానివ్వండి అన్నారు.

మరుసటి ఆదివారం యాదమ్మ పాఠం చెప్పింది. నేను నీడలో కుర్చీ వేసుకోబోతుంటే గడ్డపార నా చేతిలో పెట్టింది.

"మీరు గూడ పట్టుండ్రి సార్. చూస్తే రాదు ఇది."

ఎంత కలుపు పోయిందో తీసిన రోజున తెలియదని ఆ ఏడు నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా క్లాసులు నడిపించాను, బహుమతి మాత్రం అప్పటినుంచి వానలు వెలిశాకే, ఎవరు తీసిన చోట లాంటానా తిరిగి మొలవలేదో చూసి ఇచ్చాను. రెండేళ్లూ అది యాదమ్మకే వెళ్లింది.