ఖాళీ గోలు

కొరియా తూర్పు తీరంలోని ఉన్‌హే రేవులో తక్ గిల్‌సు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఖాళీ గోలుగాడి ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం వలలు బాగుచేసే ముసలమ్మ కూడా సూది ఆపి నవ్వుతూ చెయ్యి చూపిస్తుంది. ఇరవై ఏళ్ళకి పైగా వాడికి అదే పేరు. పెళ్ళి విందులో కూడా ఎవడో తాగి అదే పేరుతో పిలిచాడు. అంటే ఏంటని పెళ్ళికూతురు అడిగింది. గిల్‌సు చెప్పలేదు.

వాళ్ళ నాన్నది చేపల పడవ. ఒడ్డున చేపలు ఆరబెట్టడానికి పాతిన రెండు కర్రలే గిల్‌సుకి మొదటి గోలు. గురి తప్పితే బంతి సముద్రంలోకి పోయేది. చలికాలం తూర్పు సముద్రంలోకి దిగి బంతి తెచ్చుకోవాల్సినవాడికి గురి ఊరికే కుదురుతుంది. హైస్కూలుకి వచ్చేసరికి ఆ తీరంలో వాడిలా గోల్ కొట్టేవాడు ఇంకొకడు లేడు.

ఉన్‌హే హైస్కూలు కోచ్ బ్యోన్ జోంగ్‌దే. ఓడిన రోజు పిల్లల్ని వరసగా తలలు నేలకానించి, చేతులు వెనక్కి కట్టించి వంచి ఉంచేవాడు. తల్లులు వంతులేసుకుని జట్టుకి వండిపెట్టేవాళ్ళు. ఆ రోజు పడిన వాటిలో అన్నిటికన్నా మంచి చేప బ్యోన్ పళ్ళెంలోకే వెళ్ళేది. కొడుకుని ఆటలోకి దింపేవాడు ఆయనే కదా మరి. గిల్‌సు తల్లి ముళ్ళు కూడా తీసి పెట్టేది.

స్కూల్లో ఆఖరిదైన మూడో ఏడు, ఎండాకాలం పోటీల్లో గ్రూపు ఆఖరి ఆట. సియోల్ నుంచి ఒక యూనివర్సిటీ కోచ్ గిల్‌సు కోసమే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆటకి ముందు బ్యోన్ వాణ్ణి బస్సు వెనక్కి తీసుకెళ్ళాడు.

"ఇవాళ గోల్ వద్దు. అవతలి కోచ్ నా స్నేహితుడు, డ్రా అయితే వాళ్ళ పిల్లలు గట్టెక్కుతారు. ఇవాళ వాళ్ళకి మనం, రేపు మనకి వాళ్ళు."

"సార్, నన్ను చూడ్డానికి వచ్చారు..."

"నీ సంగతి నేను మాట్లాడతాలేరా. నేను లేనా?"

చివర్లో గోల్‌కీపర్ చేతిలోంచి జారిన బంతి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా గిల్‌సు కుడికాలి ముందు ఆగింది. కీపర్ నేల మీద ఉన్నాడు. ఎదురుగా వల తప్ప ఏమీ లేదు. గిల్‌సు బయటికి కొట్టాడు.

యూనివర్సిటీ కోచ్ ఇంకో పిల్లాణ్ణి ఎంచుకుని వెళ్ళిపోయాడు. బ్యోన్ మాట్లాడాడు, నిజమే. తల్లిదండ్రులందరి ముందూ మాట్లాడాడు. "ఏం చేస్తాం, ఆ కాలికి దమ్ము లేదు" అన్నాడు. చేపలు వడ్డించడానికి నిలబడ్డ గిల్‌సు తల్లి ఆ మాట విని గరిటె కింద పెట్టేసింది. మర్నాడు రేవులో వేలంపాట దగ్గర ఎవడో వాళ్ళ నాన్నని పలకరించాడు. "ఏం తక్ గారూ, మీవాడు సముద్రంలోకి కొడితే బంతి కొండెక్కుతుందేమో."

తనే తప్పించి కొట్టానని గిల్‌సు ఒక్క నాన్నకే చెప్పాడు. నాన్న వల చూసుకుంటూ కూర్చుని, "అట్లాగే అనుకో, మనసుకి బాగుంటుంది" అన్నాడు. అంతే, గిల్‌సు ఆ సంగతి మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. చెప్పని మాట లోపల మురిగి విషమవుతుంది.

సైన్యంలో ప్రతి మగవాడూ చేసిరావాల్సిన ఏళ్ళు చేసొచ్చాడు. ఒక ఉక్కు ఫ్యాక్టరీ జట్టులో పగలు పని చేసి సాయంత్రం ఆడాడు. బోలెడు గోల్స్ కొట్టాడు. అవి చూసినవాళ్ళు తోటి పనివాళ్ళూ వాళ్ళ పెళ్ళాలూ. మోకాలు పోయాక మిడిల్ స్కూలు పిల్లలకి ఆట నేర్పాడు, వాళ్ళ వ్యాను తనే నడిపాడు. నలభై దాటాక పక్క రేవు మురిన్ హైస్కూలు వాళ్ళు పిలిచి కోచ్ పదవి ఇచ్చారు.

మురిన్‌లో వాడు పెట్టిన పద్ధతి ఒకటుంది. రోజూ సాధన అయ్యాక ప్రతి పిల్లాడూ ఖాళీ గోల్‌లోకి ఒక బంతి కొట్టి మరీ స్నానానికి వెళ్ళాలి. మొదట్లో పిల్లలు నవ్వారు. "కీపర్ లేకుండా ఎవడైనా కొడతాడు సార్" అన్నాడు యొమ్ సుబిన్, జట్టులో అందరికన్నా బాగా గోల్ కొట్టేవాడు. గిల్‌సు నవ్వలేదు. "ఎవడైనా కొట్టలేడు. కొట్టు" అన్నాడు.

ఆ ఏడు ఎండాకాలం పోటీలు గనులు మూతబడ్డ ఒక కొండ ఊళ్ళో జరిగాయి. మురిన్ ముందే చివరి ఎనిమిది జట్లలోకి వెళ్ళిపోయింది. గ్రూపు ఆఖరి ఆట ఉన్‌హేతో. అక్కడ ఇంకా బ్యోనే కోచ్. ముందు రోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేసి చల్లని నూడుల్స్ తిందాం రమ్మన్నాడు.

"లావెక్కావురా గిల్‌సూ. మంచిదే, కోచ్‌కి పొట్ట ఉండాలి. లేకపోతే పిల్లలు భయపడరు."

"మీకు పొట్ట లేనప్పుడు కూడా భయపడ్డాం సార్."

బ్యోన్ నవ్వి గ్లాసు ముందుకు జరిపాడు. గిల్‌సు రెండు చేతులతో సారా పోశాడు.

"రేపు మాకు డ్రా చాలు. చివరి ఎనిమిదిలో ఉంటే మా మూడో ఏడు పిల్లలకి యూనివర్సిటీ తలుపు తెరుచుకుంటుంది. నాకూ ఇదే ఆఖరి ఏడు. పరువుగా దిగిపోతాను."

"ఇప్పుడు ఇవి కుదరవు సార్. బయటపడితే జన్మలో మళ్ళీ మైదానం తొక్కనివ్వరు."

"ఎవడు చెప్తాడురా? నువ్వా, నేనా?"

బ్యోన్ నూడుల్స్ జుర్రుకుంటూ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "మనం ఇచ్చుకోలేదా ఏంటి అప్పట్లో. నువ్వు ఆడిన ఏడే అనుకుంటా. ఎవడో చివర్లో ఖాళీ గోలు పెట్టుకుని బయటికి తన్నాడు చూడు. ఎవడబ్బా వాడు? పేరు నాలిక చివర ఆడుతోంది."

పెద్దల ముందు తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. గిల్‌సు తిప్పుకుని గ్లాసు ఖాళీ చేశాడు. అందుకని ఆ మొహం బ్యోన్‌కి కనబడలేదు.

"గుర్తు లేదు సార్" అన్నాడు తిరిగి. "రేపు డ్రా. మాట ఇస్తున్నా."

ఇన్నాళ్ళూ ఈయన క్షమాపణ చెప్తే ఏమనాలా అని లోపల తయారు చేసుకున్న మాటలన్నీ వృథా. ఊరంతా పిలిచే పేరు, దాన్ని అంటించినవాడికే గుర్తు లేదు. మర్చిపోయినవాడు క్షమాపణ ఏం చెప్తాడు? గుర్తు చేయాలి. గుర్తు చేస్తే వాత తేలాలి.

మర్నాడు ఆట మొదలయ్యాక కూడా బ్యోన్‌కి నమ్మకం కుదరలేదు. తన మంచి ఆటగాళ్ళనే ఆడిస్తూ మాటిమాటికీ ఇటు చూస్తున్నాడు. అలా అయితే లాభం లేదు, ఆయన్ని నమ్మించాలి. నీళ్ళ కోసం ఆట ఆపినప్పుడు గిల్‌సు సుబిన్ మెడ మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్ళాడు.

"ఈసారి ఛాన్స్ వస్తే బయటికి కొట్టు."

"బయటికా?"

"అడక్కు. రెండో సగంలో కొడుదువు."

"సార్, పైన సియోల్ వాళ్ళు కూర్చున్నారు."

"నేను లేనా?" అన్నాడు గిల్‌సు. ఆ మాట ఎక్కడ విన్నాడో ఆ క్షణాన వాడికి తట్టలేదు.

ఛాన్స్ రానే వచ్చింది. కీపర్ ముందుకొచ్చి పడిపోయాడు. సుబిన్ ఒక్క క్షణం ఆగి పక్కకి తన్నాడు. మెట్ల మీద జనం ఘొల్లుమన్నారు. అవతల బ్యోన్ కుర్చీలో వెనక్కి వాలి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. రెండో సగంలో ఆయన మంచి ఆటగాళ్ళని ఒక్కొక్కణ్ణి బయటికి లాగి, ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న మూడో ఏడు పిల్లల్ని దింపాడు. పాపం, యూనివర్సిటీకి పంపే కాగితాల్లో వాళ్ళ పేర్ల పక్కన కూడా నాలుగు నిమిషాల ఆట ఉండాలిగా.

ఆట అయిపోవస్తుండగా గిల్‌సు గీత దగ్గరికొచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఇప్పుడు కొట్టండ్రా."

ఉన్‌హే రక్షణ చినిగిన వలలా ఉంది. బంతి సుబిన్‌కి అందింది. ఎదురుగా కీపర్ ఒక్కడే. సుబిన్ కాలెత్తాడు, ఆగాడు, వెనక వస్తున్న వాడికి ఇచ్చేశాడు. వాడు కొట్టాడు. ఒకటి సున్నా. విజిల్.

ఓడిన పిల్లలు ఎప్పటిలాగే గెలిచిన జట్టు కోచ్ ముందు వరసగా నిలబడి నడుము వంచి దణ్ణం పెట్టారు. కొందరు వంగినవాళ్ళు లేవలేక అలాగే ఏడ్చారు. గిల్‌సు వాళ్ళని చూడలేదు. వాళ్ళ వెనక వస్తున్న మనిషినే చూశాడు.

"మాట ఇచ్చావు కదరా కుక్కా" అన్నాడు బ్యోన్, పళ్ళ మధ్య నుంచి.

"ఇచ్చాను సార్. ఆ టెంటులో పోటీల అధికారి ఉన్నాడు, వెళ్ళి ఫిర్యాదు చేయండి. మాట ఇచ్చి తప్పాడని చెప్పండి."

బ్యోన్ పని దొంగకి తేలు కుట్టినట్టయింది.

"ఆ ఖాళీ గోలు బయటికి కొట్టినవాడి పేరు తక్ గిల్‌సు" అన్నాడు గిల్‌సు. "కొట్టమన్నది మీరు. ఇంక మర్చిపోరులెండి."

ముసలాయన మొహం పాలిపోయింది. గిల్‌సు దాన్ని కళ్ళారా, తీరిగ్గా చూశాడు. ఇన్నేళ్ళ ఆకలికి అన్నం దొరికినట్టుంది. కడుపు నిండా తిని వెనక్కి తిరిగాడు.

బస్సు దగ్గర సుబిన్ బూట్లు విప్పకుండా కూర్చుని ఉన్నాడు. వాళ్ళమ్మ పక్కనే నిలబడి కోచ్ కోసం తెచ్చిన పుచ్చకాయ ముక్కల డబ్బా మూత తీయకుండా పట్టుకుంది.

"సియోల్ ఆయన వెళ్ళిపోయాడండీ" అంది. "గోల్ ముందు కాలు వణికే పిల్లాడు మాకెందుకన్నాడు. రెండుసార్లు చూశాడట."

గిల్‌సు సుబిన్ వైపు తిరిగాడు. "సుబిన్, ఆయనకి చెప్పు. కొట్టొద్దన్నది నేనని చెప్పు."

సుబిన్ తలెత్తాడు. ఏడవలేదు. "చెప్పాను సార్. నవ్వాడు."

గిల్‌సుకి వల చూసుకుంటూ కూర్చున్న నాన్న గుర్తొచ్చాడు. తర్వాత మెడలో విజిల్ తీసి ఆ తల్లి చేతిలో పెట్టి, మైదానం మీదుగా టెంటు వైపు నడిచాడు.

ఉన్‌హే బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టిన బ్యోన్ వాణ్ణి చూశాడు. ఎటు వెళ్తున్నాడో అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కాలు దించి, అరవై దాటిన మోకాళ్ళతో పరుగు మొదలుపెట్టాడు.

"గిల్‌సూ! ఆగరా. నీ పని కూడా పోతుందిరా, పిచ్చివాడా. ఇద్దరం పోతాం."

గిల్‌సు ఆగలేదు, పరిగెత్తలేదు కూడా. మంచి గోల్ కొట్టేవాడు చివర్లో తొందరపడడు. టెంటులోకి వంగి వెళ్ళి, అధికారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ ఆట ముందే మాట్లాడుకున్నాం" అన్నాడు. "మొదటి సగంలో మా పిల్లాడు బయటికి కొట్టింది నేను చెప్పినందుకే. యొమ్ సుబిన్. ముందు వాడి పేరు రాసుకుని, సియోల్ ఆయనకి ఫోన్ చేయండి."

అధికారి కలం తీశాడు. "మాట్లాడుకున్నది ఎవరితో?"

వెనక టెంటు గుడ్డ పట్టుకుని బ్యోన్ రొప్పుతున్నాడు. గిల్‌సు అటు తిరిగి చూసి, ఆయన ఊపిరి కొంచెం కుదుటపడేదాకా ఆగాడు. బాగా వినబడాలి కదా.

"మా సార్‌తో" అన్నాడు. "ఇదిగో, ఇక్కడే ఉన్నారు. ఇదొకటే కాదు, పాతది కూడా ఒకటుంది. రాసుకోండి, మొదట్నుంచి చెప్తాను."