వంటింట్లోంచి దారి

రిటైరైన డ్రాయింగు మాస్టారు ఎనభై ఏళ్లనాటి సర్వే పటం పట్టుకుని, అందులోని పాత కాలిబాటల కోసం పొలాలన్నీ తిరుగుతుంటాడు. కళ్లజోడు నుదుటికెక్కించి, భూతద్దం పటానికి ఆనించి, అడుగులు లెక్కపెట్టుకుంటాడు. బాటలన్నీ ఎప్పుడో దున్నేశారు. ఇన్నాళ్లకీ ఆయనకు దొరికినవి ముళ్లూ, తిట్లూ. ఇవాళ పటంలో మిగిలిన ఆఖరి బాట తిన్నగా ఒక ఇంటి గుమ్మానికి చేర్చింది.

"ఏమీ అనుకోకమ్మా. ఈ దారి మీ వంటింట్లోంచి పోతోంది."

ఇల్లాలు ఎదురెదురుగా తెరిచున్న వీధి తలుపునూ, పెరటి తలుపునూ చూసింది.

"అందుకా? పగలు ఈ రెండూ మూయొద్దనేవారు మా మామగారు. ఎందుకని అడిగితే, 'మా నాన్న చెప్పాడు' అనేవారు."

మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. పొయ్యి దగ్గరున్న అత్తగారు ఎవరని కూడా చూడకుండా, అలవాటుగా కాస్త పక్కకు జరిగింది.