కొల్లేటి దిబ్బ మీద గురుడి చందమామలు

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే పాసింజరు ఎక్కాను. చేతిలో చిన్న సంచి, భుజాన పొడుగాటి కర్రపెట్టె. పెట్టెలో ఉన్నది మా తమ్ముడు దేవసహాయం దుర్భిణి. వాడు ఏలూరులో సైన్సు మాస్టరు. పోయిన వానాకాలం చివర జ్వరంతో పోయాడు.

అంతకు ముందు వేసవిలో వాడు కొల్లేటికోట వెళ్ళి, గురుగ్రహం చుట్టూ నాలుగు చందమామలు తిరుగుతున్నాయని, చూపిస్తానని ఊరివాళ్ళతో అన్నాడు. వాళ్ళు మర్యాద కొద్దీ దుర్భిణి ముక్కాలిని తమ పెద్ద పడవలో నిలబెట్టారు. నీళ్ళ మీద బతికేవాళ్ళకు పడవను మించిన పెద్దపీట లేదు. చూద్దామని అందరూ ఒక పక్కకే ఒరిగారు. పడవ ఊగింది, మాస్టరు నీళ్ళలో పడబోయాడు, ఎవరికీ ఏమీ కనపడలేదు. అప్పటినుంచి ఆ లంకల్లో కోతలు కోసేవాణ్ణి ‘నాలుగు చందమామల మాస్టారు’ అంటున్నారని విన్నాను. మళ్ళీ వెళ్ళి చూపిస్తానని తమ్ముడు అంటూనే ఉన్నాడు. ఆ మాట నిలబెట్టాలని నా ప్రయాణం. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ నెలలన్నీ వాడి పుస్తకాలే చదివాను.

భీమడోలులో మా బండిని పక్క పట్టాల మీద ఆపారు. మెయిలు దాటాలట. ఎదురుగా కూర్చున్న కోర్టు గుమాస్తా నా పెట్టె వైపు చూసి, “సన్నాయా అండీ? పెళ్ళెక్కడ?” అన్నారు. దుర్భిణి అన్నాను. ఇంతలో మెయిలు కూత వేస్తూ వచ్చింది. మమ్మల్ని దాటగానే ఆ కూత సన్నదనం పోయి బొంగురుపోయింది.

“విన్నారా అండీ?” అన్నాను. “కూత మారలేదు. దగ్గరికి వచ్చేటప్పుడు సన్నగా, దూరమయ్యేటప్పుడు లావుగా వినిపిస్తుంది. వెలుగుకూ ఇలాంటిదే ఉందట. మనకు దూరమయ్యేదాని వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. దూరాన ఉన్న నక్షత్ర సమూహాల వెలుగు దాదాపు అంతా అలాగే జరిగి ఉందని ఈమధ్యే కనిపెట్టారు.”

“అంటే మన మీద అలిగి వెళ్ళిపోతున్నాయంటారా?”

“మన ఒక్కరి మీదే కాదండి. ఒకదానికొకటి అన్నీ దూరమవుతున్నాయి.”

“మా దాయాదుల్లాగా అన్నమాట,” అని ఆయన పొడుం పట్టు పట్టారు.

తొమ్మిది దాటాక ఏలూరులో దిగాను. స్టేషను దగ్గర హోటల్లో ఇడ్లీ తిని, సరస్సు అంచు వరకు జట్కా మాట్లాడుకున్నాను. అటు వెళ్ళేవారు తాగే నీళ్ళు వెంట తీసుకుపోవడం మంచిది. అంచున తాటిదోనె దొరికింది. కిక్కిస గడ్డి మధ్య గడ వేసుకుంటూ పోయే దారి ఇరుకు. ఎండ బాగా ఉంది. తల మీద తువ్వాలు, ఒళ్ళో పెట్టె పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను.

కొల్లేటికోట చేరేసరికి నాలుగు గంటలు. ఫాల్గుణ తిరునాళ్ళు ముగిసి మూడు రోజులైంది. పందిళ్ళు ఇంకా విప్పలేదు. తమ్ముడికి అప్పట్లో బస ఇచ్చిన సత్తియ్య గారు ఎదురొచ్చారు. చావు కబురు ఆయనకు చేరలేదు. చెప్పాను. ఆయన, “అయ్యో, మాస్టారు మంచోరండి. మావోళ్ళే ఏళాకోళం ఆడేరు,” అన్నారు. తరవాత, “పెద్ద పడవ కడిగించమంటారా అండీ?” అని అడిగారు.

“వద్దండి. ఈసారి నేల మీదే.”

ఆయన చిన్నబుచ్చుకున్నారు. అయినా వలలు ఆరేసే దిబ్బ చూపించి, తానే మట్టి చదును చేశారు. బహుళ తదియ కాబట్టి మన చంద్రుడు ఆలస్యంగా వస్తాడు. చీకటి పడగానే తూర్పున గురుడు పైకొచ్చాడు. నేను ముందు చూశాను. చిన్న పళ్ళెంలాంటి గ్రహం, దానికి అటూ ఇటూ ఒకే వరసలో చుక్కలు. మూడే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. ఒకటి గురుడి వెనక్కి పోయి ఉంటుందని తెలుసు. ఎప్పుడు బయటికి వస్తుందో తెలియదు. ఆ లెక్కలు తమ్ముడికి తెలుసు, నాకు రావు.

చుట్టూ చేరిన ఊరివాళ్ళలో సత్తియ్య గారి అత్తగారు మంగమ్మ గారు మొదట కన్ను పెట్టారు. “ఏదండీ? పారిపోయాడు.”

“ఆయన కాదండి, మనమే తిరుగుతున్నాం. భూమి తిరగడం వల్ల గొట్టం ఆయన్ని దాటిపోయింది,” అని మళ్ళీ సరిచేశాను.

ఆమె చాలాసేపు చూశారు. “ఉన్నాయి. మూడున్నాయి.”

వెనకనుంచి ఎవరో, “ఒకటి మాస్టారు జేబులో ఉందేమో సూడండి,” అన్నారు. అందరూ నవ్వారు.

దగ్గరి చందమామ త్వరగా, దూరంది నెమ్మదిగా తిరుగుతుందని, సూర్యుడి చుట్టూ మన భూమి, గురుడు తిరిగేదీ ఈ పద్ధతిలోనేనని చెప్పాను. నాలుగోది వెనక ఉంది, వస్తుంది అన్నాను. కొందరు అన్నాలకు లేచారు. నేను కన్ను తీయలేదు. ఎంతసేపో చెప్పలేను. గురుడి అంచు పక్కన ఏదో ఉన్నట్టు అనిపించింది. కన్ను తుడుచుకుని చూశాను. సూది మొనంత వెలుగు. చూస్తుండగానే స్పష్టమైంది.

“మంగమ్మ గారూ, రండి,” అన్నాను.

ఆమె చూసి, నెమ్మదిగా వేళ్ళు మడిచి, “నాలుగు,” అన్నారు. వెళ్ళినవాళ్ళు ఎంగిలి చేతులతో పరుగున వచ్చారు. ఆ వెలుగు మన దాకా రావడానికి అరగంట పైనే పడుతుందని, అది బయటికొచ్చిన సంగతి మనకు ఆలస్యంగా తెలిసిందని చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

“ఆటికవతల ఏముందండీ?” అన్నారు సత్తియ్య గారు. పక్కనే ఆరేసిన వల ఉంది. ఇద్దర్ని రెండు కొసలూ పట్టుకుని లాగమన్నాను. ప్రతి ముడీ పక్క ముడికి కొంచెం, దూరపు ముడికి ఎక్కువ దూరమైంది. నక్షత్ర సమూహాలు ఇలాగే విడిపోతున్నాయన్నాను.

“మజ్జిలో ఉన్న ముడి మనవేనా అండీ?” అని ఆయనే అడిగారు.

“ఏ ముడి మీద కూర్చున్నా, మిగతావన్నీ తననుంచే పోతున్నట్టుంటుంది. మధ్య అంటూ లేదండి.”

“మరి లాగేదెవరండీ?” అన్నారు మంగమ్మ గారు.

“నాకు తెలియదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే ఇంకా తేల్చుకోలేదు.”

“తెలీదని సెప్పే మాస్టార్ని ఇదే సూట్టం,” అని ఆమె నన్ను అన్నానికి లేపారు.

కొరమీను పులుసుతో భోజనం, సత్తియ్య గారి పంచలో పడక. దోమతెర తెచ్చుకోని తప్పు నాదే. మర్నాడు ఆయన కొడుకే దోనె నడిపాడు. ఎదురుపడ్డ ప్రతి దోనెకూ గడ ఆపి, “నాలుగూ ఉన్నాయిరా. పోయిన మాస్టారు సెప్పింది నిజం. మా అమ్మమ్మ సూసింది,” అని చెప్పాడు. నేను మొహం నీళ్ళవైపు తిప్పుకుని కూర్చున్నాను.

అన్నీ అన్నిటికీ దూరమవుతున్నాయన్న సంగతిని నా దుఃఖానికి పోలికగా వాడుకోను. చుక్కల సంగతి చుక్కలది. నేను చెప్పగలిగింది ఇంతే: తమ్ముడు చెప్పిన మాట నిజమని ఒక ఊరు కళ్ళారా చూసింది. ఆ సంతోషం నాకు ఇంకా తగ్గలేదు.

సాయంత్రం ఏలూరులో బండెక్కాను. నిడదవోలు వెళ్ళే ఒక ముసలాయన, పెట్టెలో ఉన్నది దుర్భిణి అని నాచేత చెప్పించుకుని, “దాంతో ఏం చూత్తారండీ?” అని అడిగారు. గురుడితో మొదలుపెట్టాను. తమ్ముడు పోయాక ఈ ప్రయాణం దాకా ఎవరితోనూ నాలుగు మాటలు ఆడలేదు. ఇప్పుడు ఆయన ఊఁ కొడుతుంటే ఆపలేకపోయాను. చెబుతూ చెబుతూ బయటికి చూస్తే తాడేపల్లిగూడెం దాటిపోయింది. నవాబుపాలెంలో దిగాను. టిక్కెట్టు చూసి, ఎందుకు దాటి వచ్చారని స్టేషను మాస్టరు అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చేతిలో లాంతరు కింద పెట్టి, “మళ్ళీ బండికి చాలా టైముందండి. ఆ పెట్టె ఇప్పుతారా?” అన్నారు.