యోతాము పిలిచిన ఓడి

మూడో ప్రయత్నంలో యోతాము న్జోవు పరీక్ష నెగ్గాడు. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్లు. మా లువాంగ్వా లోయలో అతిథులను కాలినడకన అడవిలోకి తీసుకెళ్లే అర్హత ఊరికే రాదు. చెట్లు, పిట్టల కూతలు, అడుగుజాడలు, పాముకాటు, తుపాకి గురి, అన్నీ చూస్తారు. ఏడో తరగతితో బడి మానేసినవాడికి మొదటిసారి చెట్ల పుస్తకపు పేర్లకు నోరు తిరగలేదు. రెండోసారి నోటి పరీక్షలో ఒక్క ప్రశ్న దగ్గర బోల్తాపడ్డాడు.

"ఏనుగు కనబడగానే మొదట దేన్ని చూస్తావు?" అని అడిగారు.

"చెవులను" అన్నాడు.

"గాలిని చూడాలయ్యా. ఇక వెళ్లు" అని పరీక్ష చేసే పెద్దమనిషి కాగితం మూసేశాడు.

ఆ మాట పట్టుకుని ఏడాదంతా పాత సాక్సులో మెత్తటి పొయ్యి బూడిద నింపుకుని తిరిగాడు. దాన్ని విదిలించడం, దుమ్ము ఎటు పోతోందో చూడడం, అదే పని. మేకల దగ్గర, బోరింగు దగ్గర, ఆఖరికి చర్చి గుమ్మంలో కూడా విదిలించేవాడని భార్య ఎనెలెసి ఇప్పటికీ నవ్వుతుంది. మూడోసారి ఇత్తడి బిళ్ళ చొక్కాకు ఎక్కింది.

ఆ బిళ్ళ పరువును అతను పందొమ్మిది ఎండాకాలాలు నిలబెట్టాడు. తన వెంట నడిచిన ఏ ఒక్క అతిథికీ ముల్లు గుచ్చుకోవడం తప్ప మరో దెబ్బ తగలలేదు. మూడు వందల పదకొండు పిట్టలను కూతతోనే పోల్చేవాడు. దారి తప్పిన ఇద్దరు ముసలివాళ్లను అడుగుజాడ పట్టుకుని మధ్యాహ్నానికల్లా నీడకు చేర్చాడు. అతను నేర్పినవాళ్లలో ఏడుగురికి బిళ్ళలున్నాయి. ఒక ఏడాది కేలండరులో ఆగస్టు నెల మీద అతని బొమ్మ పడింది. ఇవన్నీ గొప్పగా చెప్పుకోవలసినవే. వాటి తర్వాతి సంగతి చెప్పడమే కష్టం.

యోతాముది ఏనుగు వంశం. ఆ వంశం వాళ్లు ఏనుగు మాంసం ముట్టరు, ఏనుగును చుట్టంగా చూస్తారు. చుట్టం వాకిట్లోకి ఎవరూ దూసుకుపోరు కదా. అంచున నిలబడి "ఓడి!" అని కేకేస్తారు. లోపలినుంచి "ఓడిని" అని బదులు వస్తేనే అడుగు ముందుకు వేస్తారు. నడవడం నేర్చిన పసివాడికి కూడా ఈ మర్యాద తెలుసు.

ఎడమ చెవి చిరిగిన ఒక పెద్ద ఆడ ఏనుగు ఉండేది. యోతాము దాన్ని పెద్దమ్మ అనేవాడు. పదకొండేళ్లుగా ఎరిగినది. ఒకసారి అది తనను చూసి నింపాదిగా మేస్తుంటే, పెద్దవాళ్లకు దణ్ణం పెట్టే తీరులోనే మోకాళ్లు వంచి, దోసిలి గుల్లచేసి మెల్లగా చప్పట్లు కొట్టి, "ఓడి, పెద్దమ్మా!" అన్నాడు. అది రెండు చెవులూ ఒక్కసారి విసిరి మళ్లీ కొమ్మ విరుచుకుంది. అతిథులు పొంగిపోయారు. ఆ ముచ్చట దేశాలు దాటింది. "ఏనుగు జవాబిచ్చే మనిషి మీరేనా?" అని అడుగుతూ మనుషులు రావడం మొదలైంది.

అతిథుల గుంపుకు ముందు నడిచే తుపాకి జవాను జైలోస్ మ్వాలేకి ఇది నచ్చేది కాదు. జైలోస్‌ది గడ్డి వంశం. గడ్డికీ ఏనుగుకూ ఎగతాళి చుట్టరికం. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు.

"మమ్మల్ని మేసి బతికే జాతి మీది. మీకు అంత మర్యాద ఎక్కడిది బావా?" అనేవాడు జైలోస్.

"గడ్డిపరకకు తుపాకి ఇచ్చారు, కాలం మారింది" అనేవాడు యోతాము.

మూడేళ్ల కిందటి అక్టోబరులో, ఎండలు నిప్పులు చెరుగుతున్న ఒక పొద్దున, నలుగురు అతిథులతో వాగు వెంట నడుస్తున్నారు. పొడవాటి కాయలు వేలాడే సాసేజి చెట్ల నీడలో పెద్దమ్మ కనబడింది. వీపు ఇటు ఉంది. యోతాము సాక్సు విదిలించాడు. బూడిద తన ముఖం మీదికే వచ్చింది. గాలి మంచిది. ఏనుగుకు వీళ్ల వాసన తెలియదు. మనల్ని చూడని ఏనుగును చూడనట్టే వదిలి వెనక్కి జారుకోవడం ఈ వృత్తిలో మొదటి పాఠం. ఏడుగురికి ఆ పాఠం చెప్పినవాడు అతనే. జైలోస్ అప్పుడే వెనక్కి పదమని చెయ్యి ఊపాడు.

అతిథుల్లో తెల్లజుట్టు టీచరమ్మ ఒకావిడ గుసగుసగా అడిగింది. "పిలవరా? దీనికోసమే వచ్చాను."

యోతాము మోకాళ్లు వంచి చప్పట్లు కొట్టాడు. "ఓడి, పెద్దమ్మా!"

పొద వెనక ఏడాది పిల్ల ఉంది. అది బెదిరి కీచుమంది. పెద్దమ్మ గిర్రున తిరిగింది. చెవులు విసరలేదు, ఒంటికి అంటించుకుంది. తొండం లోపలికి ముడిచింది. అది ఉత్త బెదిరింపు కాదని, నిజంగానే మీదికి వస్తోందని యోతాముకు తెలుసు. అతను పెట్టిన కేక, జైలోస్ తుపాకి మోత ఒకేసారి వినబడ్డాయి. పెద్దమ్మ పది అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూలింది, అచ్చం అతను వంగినట్టే.

అడవి శాఖ ఆఫీసులో కాగితం ఇచ్చి ఏం జరిగిందో రాయమన్నారు. యోతాము "గాలి మారింది" అని రాశాడు. రెండే మాటలు. గాలిని సాక్ష్యానికి ఎవరు పిలుస్తారు? అతిథులు కూడా అతని ధైర్యాన్ని పొగుడుతూ రాసిచ్చారు. జైలోస్ మాత్రం తన కాగితంలో తుపాకి పేల్చిన దూరం రాసి ఊరుకున్నాడు. బిళ్ళకు గీత కూడా పడలేదు.

ఊరంతా బేసిన్లు పట్టుకుని మాంసానికి వెళ్లింది. ఏనుగు వంశం వాళ్లు మాత్రం యోతాము వాకిట్లో చావుకు కూర్చున్నట్టు కూర్చున్నారు. ఎనెలెసి మొక్కజొన్న పిండితో న్షిమా వండి, వేరుశనగ పొడి వేసిన గుమ్మడాకు కూర పెట్టింది. ఎవరికీ ముద్ద దిగలేదు.

చావింట్లో ఎగతాళి చుట్టం వచ్చి నవ్వించి తీరాలి. అది హక్కే కాదు, బాధ్యత కూడా. జైలోస్ వచ్చి వాకిటి అంచున ఆగి "ఓడి" అన్నాడు. ఎవరూ పలకలేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చివరికి ఎనెలెసే "ఓడిని, అన్నా" అంది.

జైలోస్ కూర్చుని యోతామును చూశాడు. "చూశావా బావా, గడ్డిపరకనైనా ఆగాను. నువ్వు పదకొండేళ్లు ఓడి అన్నావు. ఒక్కసారైనా ఓడిని అనేదాకా ఆగావా? అది చెవులు విసిరింది ఈగలను తోలుకోవడానికేమో!"

ఒకళ్లిద్దరు అలవాటు కొద్దీ నవ్వబోయి ఆగిపోయారు.

"గాలి మారిందట కదా" అన్నాడు మళ్లీ. "మంచిదే. గాలికి నోరు లేదు. పెద్దమ్మకూ లేకుండా పోయింది. ఆఫీసు పుస్తకంలో ఆమె పేరు ఏమని రాశారో తెలుసా? ఊరికే మీదపడే పొగరుబోతు ఏనుగు అని. మీ వంశం ఆడపడుచు అలాంటిదని మాకు తెలియదు సుమా!"

ఎగతాళి చుట్టం మీద కోపం రాకూడదు. యోతాముకు రాలేదు కూడా.

మర్నాడు యోతాము సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వెళ్లి తన కాగితం తిరిగి అడిగాడు.

"ఎవరూ అడగలేదు కదయ్యా, నీకెందుకీ తిప్పలు?" అన్నాడు అధికారి.

"ఆమె మీద తప్పు రాసి ఉంది సార్. గాలి మంచిగానే ఉంది. మమ్మల్ని చూడని ఏనుగును నేనే పిలిచాను. అలా రాయండి" అన్నాడు యోతాము.

అలాగే రాశారు. బిళ్ళ బల్ల మీద పెట్టించుకున్నారు. రెండు ఎండాకాలాలు నడక లేదు, ఆ తర్వాత కావాలంటే మళ్లీ మొదటినుంచి పరీక్ష.

పెద్దమ్మ పిల్లను తల్లిలేని ఏనుగులను సాకేచోటికి లారీలో పంపుతుంటే, అది ఎవరి చేతి పాలూ తాగలేదు. యోతాము లారీ ఎక్కి దాని పక్కన కూర్చున్నాడు. బస్సుమీద రెండు రోజుల దూరం. అక్కడ పాల కాపరి పనిలో చేరాడు. పూటపూటకూ సీసా పట్టుకుని దొడ్డి గేటు దగ్గర "ఓడి" అంటాడట. పిల్ల తనంతట తాను వచ్చేదాకా గేటు తియ్యడట. తోటివాళ్లకు అది వింతగా ఉంటుందని ఫోనులో చెప్పాడు. "ఆ రోజు ఇంతసేపు ఆగి ఉంటే సరిపోయేది ఎనెలెసీ" అని కూడా అన్నాడు. ఆమె మేకల సంగతి ఎత్తుకుంది.

పిల్ల ఇప్పుడు పాలు మానేసి అక్కడి మంద వెంట తిరుగుతోంది. ఆ కబురు వినగానే జైలోస్ ఆఫీసుకు వెళ్లి ఈ ఏటి పరీక్షకు యోతాము పేరు రాయించాడు. "నాలుగోసారి కూడా చెవులను అంటాడేమో చూద్దాం" అన్నాడు. పరీక్షకు కూర్చుంటానని యోతాము మాత్రం అనలేదు. ఇంటికి వస్తున్నానని మాత్రమే చెప్పాడు. ఎనెలెసి అతని బొమ్మ ఉన్న పాత కేలండరును గోడ మీదినుంచి తీసి కొత్తది తగిలించి, అతను బస్సు దిగే రోజును బొగ్గుతో చుట్టింది: ఏప్రిల్ పద్నాలుగు.