విమానం జీపీఎస్‌తో వర్ని దారి

ఈ సంగతి ఇన్నాళ్లూ నేను రాయకపోవడానికి కారణం ఒక్కటే, నన్నెవరూ అడగలేదు. మా చుట్టాల్లో ఎవరి పెళ్లిలో పప్పు పలచనైందో, ఎవరి బోరు ఎందుకు ఎండిపోయిందో అందరూ అడిగి మరీ చెప్పించుకుంటారు. బాన్సువాడలో హార్వెస్టర్ల సామాన్ల దుకాణం నడిపే గంగాధర్ అనే మనిషి, మోకాళ్లదాకా బురదతో, చేతిలో విమానాల యంత్రంతో, సొంత అక్క ఇంటి వెనక గోడ ఎందుకు దూకాడని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నవ్వారు. నవ్వడానికి వచ్చిన నోరు అడగడానికి రాలేదు. కాబట్టి అడగకుండానే చెబుతున్నాను. చివర్లో నా పరువు కాస్తయినా దక్కుతుందేమోనని ఆశపడేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

మా సావిత్రక్కను వర్నిలో ఇచ్చాం. ఆమె కొడుకు నిఖిల్ మహారాష్ట్రలో ఎక్కడో చిన్న విమానాలు నడపడం నేర్చుకుంటున్నాడు. వాడికి నేను ఒక్కగానొక్క మేనమామను. వాడు శిక్షణకు పోయేముందు ఊళ్లో సన్మానం పెట్టారు. సర్పంచికి శాలువా కప్పారు. చదువు చెప్పిన సార్లకు కప్పారు. ఆఖరికి షామియానా వేసిన టెంట్‌హౌస్ అతన్ని కూడా వేదిక మీదికి పిలిచి కప్పారు. ఇప్పుడో ఇంకాసేపటికో నన్నూ పిలుస్తారని నేను చెప్పులు విప్పి సిద్ధంగా కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. ఆ చెప్పులు మళ్లీ తొడుక్కున్న క్షణాన్ని ఈ జన్మలో మరచిపోను.

అందుకే నిఖిల్ మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "జల్దినే నేనొక్కన్నే విమానం తీస్కొని వేరే ఊరికి పోయి రావాలె. చేతిల పట్టేటి జీపీఎస్ ఒకటుంటె మంచిగుంటది. ఏది మంచిదో ఎవరికన్న ఎరుకనా?"

"నేను చూస్త అల్లుడా. గిది మేనమామ బహుమతి," అని రాశాను.

దాని కింద విఠల్ బావ, అంటే అక్క భర్త, ఆ గ్రూపుకు అడ్మిన్, ఇలా రాశాడు: "గంగాధర్‌కేం ఎరుక గియన్ని? హైదరాబాద్‌ల ఎవర్నన్న అడుగుదాం."

ఆ మాటకు ఎవరెవరో పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. నేను అదే నిమిషంలో గ్రూపులోంచి బయటికొచ్చేశాను. వర్ని నుంచి ఫోన్ వస్తే ఎత్తకూడదని కూడా నిశ్చయించుకున్నాను. పట్టించుకోకపోతే ఎలా ఉంటుందో వాళ్లకూ తెలియాలి కదా. ఈ రెండు నిర్ణయాల్నీ కాస్త గుర్తుంచుకోండి.

అయినా బహుమతి మానలేదు. ఈ ఒక్క వస్తువు సరిగ్గా ఎంచానంటే, రేపు ఇంట్లో ఏ మాట వచ్చినా "గంగాధర్‌ను కూడ ఒక్కసారి అడుగుదాం" అంటారు. నాకు కావలసింది ఆ ఒక్క వాక్యం.

హైదరాబాద్ దుకాణదారు ఒకాయన రెండు యంత్రాలు పంపాడు. ఒకటి వేలితో తాకితే పనిచేసే పెద్ద తెరది, రెండోది బొత్తాలున్న చిన్నది. "చూసుకుని నచ్చనిది వాపస్ పంపండి. నీళ్లు మాత్రం తగలనియ్యకండి," అన్నాడు.

మిట్టమధ్యాహ్నం మిద్దెక్కి పెద్ద తెరను సూర్యుడికి చూపిస్తూ నిలబడ్డాను. నా భార్య సుజాత మెట్ల మీద నుంచి తొంగి చూసింది.

"ఎండల ఏం చేస్తున్నవ్?"

"తెర చూస్తున్న. విమానంల ఎండ మొఖం మీదనే పడ్తది."

"మరి ఏమన్న కనవడ్తుందా?"

"నా మొఖం కనవడ్తుంది."

"గా మొఖం జూస్కుంట నడిపితె పిలగాడు దిగుడుండదు, పడుడే."

పెద్ద తెర అక్కడే ఓడిపోయింది. చిన్నదాన్ని మద్నూర్ వైపు లారీలు చితక్కొట్టిన రోడ్డు మీదికి తీసుకుపోయి, బండి నడుపుతూ బొత్తాలు నొక్కి చూశాను. నడుము విరిగింది గాని ఒక్క బొత్తాం తప్పలేదు. చార్జింగ్ అయిపోతే మామూలు పెన్సిల్ సెల్లులు వేసుకోవచ్చు. విమానం అద్దానికి అతుక్కునే రబ్బరు గిన్నె ఎంత గట్టిదో తెలుసుకోవడానికి సుజాత కుక్కర్ మూతకు అతికించాను. చాలా గట్టిది. ఆ పూట మేం కుక్కర్ లేకుండానే వండుకున్నాం.

అక్కడితో ఆగి ఉంటే ఇవాళ నేనూ మర్యాదస్థుణ్ణే. కాని ఒక పరీక్ష మిగిలిపోయింది. ఇది దారి సరిగ్గా చూపిస్తుందా?

నాకు ఆలస్యంగా తెలిసిన విషయం మీకు ముందే చెబుతాను. విమానాల జీపీఎస్‌కు రోడ్డంటే ఏమిటో తెలియదు. పోవలసిన చోటు చెబితే, ఇక్కడినుంచి అక్కడికి దారం లాగి కట్టినట్టు ఒక గీత గీస్తుంది. మధ్యలో కాలువ ఉన్నా, బర్రెల కొట్టం ఉన్నా దానికేం పట్టదు. నిఖిల్ ఎప్పుడో నాతో అన్నాడు, "మామా, పైలట్‌కు గీతనే అన్ని. గీత ఇడిసిండంటె ఆగమే" అని. నేను ఆ మాట పట్టుకున్నాను.

నిఖిల్ సెలవుకు వచ్చాడని దుకాణానికి వచ్చిన వర్ని రైతు చెప్పాడు. ఇంకేం, గీత తప్పకుండా పోయి, అందరి ముందూ యంత్రాన్ని అల్లుడి చేతిలో పెట్టాలి. అక్క ఇంటిని గమ్యంగా పెట్టి, యంత్రాన్ని బండి హెడ్‌లైటుకు అతికించి బయలుదేరాను.

ఊరు దాటేదాకా రోడ్డూ గీతా కలిసే నడిచాయి. తరువాత రోడ్డు తిరిగింది. గీత తిరగలేదు. నేను గీత పక్షం వహించాను. బండ్లబాట వచ్చింది, అదీ అయిపోయింది. కాలువ అడ్డమొస్తే తూము మీది సన్నటి గోడపై బండిని నెట్టుకుంటూ, పెళ్లాం పేరూ దేవుడి పేరూ కలిపి తలుచుకుంటూ దాటాను. దీనికి తోడు ఆ యంత్రం తెర ఎర్రగా చేసుకుని "టెర్రెయిన్! పుల్ అప్!" అని ఒకటే అరుపు. నేల దగ్గరికొచ్చేసింది, పైకి లేపమని. పుట్టినప్పటినుంచీ నేల మీదే ఉన్నవాణ్ణి నేల వస్తోందని బెదిరిస్తే ఏం చేస్తాం? ఒకసారి హ్యాండిల్ పైకి లాగి కూడా చూశాను.

వర్ని కనుచూపు మేరలోకి వచ్చింది. అక్కడ క్యాంపు అని పిలిచే వలస రైతుల పల్లెలో స్థిరపడిన కోస్తా రైతు సుబ్బారావు గారు గట్టు మీద నిలబడి చేతులు ఊపారు.

"గంగాధర్ గారూ! ఎటండీ ఇలాగా?"

"వర్నికే!"

"రోడ్డు అటుందండీ!"

"గీత గిటుంది!"

"ఏం గీతండీ బాబూ? అది నాట్లేసిన మడి! మొన్ననే వేశారండీ!"

"పైలట్లు గిట్లనే పోతరు!"

"వాళ్లు పైనుంచి పోతారండీ!"

ఆయన మాటలో న్యాయం ఉందని నాకు తోచేలోపే ముందుచక్రం పోయి మడి నడుమ దిగబడింది. బండిని వదిలేద్దామనుకున్నాను గాని యంత్రం హెడ్‌లైటును వదలలేదు. రెండు చేతులా పట్టి లాగితే ఊడింది. ఊడిన ఊపుకు నేనూ అదీ కలిసి నీళ్లలో కూర్చున్నాం. నీళ్లు తగలనియ్యొద్దన్న దుకాణదారు మాట సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. లేచాను. తెర వెలుగుతూనే ఉంది, గీత కనబడుతూనే ఉంది. కాలినడకన గీత మీదే పోయి, గోడ వస్తే గోడ దూకాను.

పెరట్లో అక్క, బావ, నిఖిల్ భోజనం చేస్తున్నారు.

"ఏందిరా తమ్మీ గీ అవతారం?" అంది అక్క, ముద్ద చేతిలోనే పట్టుకుని.

"అల్లుడా, పట్టు," అన్నాను రొప్పుతూ. "మూరెడు గూడ తప్పలే. సక్కగ ఇంటి మీదికే తెచ్చింది."

బావ యంత్రాన్ని చూడలేదు. లేచి గోడ మీదుగా చూశాడు. పచ్చటి మడిలో, స్కేలు పెట్టి గీసినట్టు, నల్లటి చాలు. నడుమ నా బండి.

"బామ్మర్దీ, గా మడి ఎవలిదో ఎరుకనా?"

"ఎవలిది?"

"నాది."

నిఖిల్ యంత్రంలోంచి నీళ్లు వంపాడు. "మామా, గిది ఎందుకు తెచ్చినవ్?"

"నువ్వే అడిగితివి గదరా!"

"అడిగిన. మా సార్ వద్దన్నడు. నేర్చుకునేటోళ్లను ఒంటరిగ పంపేటప్పుడు గాయన జీపీఎస్ పెట్టనియ్యడు. మ్యాపు, దిక్సూచి, గడియారం, గంతే. కిందికి చూస్కుంట, రోడ్డు, కాలువ గుర్తువట్టుకుంట పోవాలె."

గాలిలో ఎగిరేవాడు రోడ్డు చూసుకుంటూ పోతాడట. నేల మీది నేను మాత్రం గీత చూసుకుంటూ వచ్చాను.

"మరి నాకు చెప్పొద్దారా?"

"గ్రూపుల పెట్టిన గద మామా!"

"ఎప్పుడు?"

"నువ్వు బయటికి పోయిన గంటకే."

"నీ పేరు వెట్టే రాసిండురా," అంది అక్క. "ఫోన్ గూడ చేసినం. నువ్వు ఎత్తవైతివి."

అక్క ఫోన్ తీసి చూపించింది. 'గంగాధర్ మామా, కొనకు. అవసరం లేదు.' దాని కింద బావ రాసింది, 'జెర ఎవలన్న చెప్పుండ్రి, మళ్ల అలిగి కూసుంటడు.'

అయ్యా పాఠకులారా, ఆ గ్రూపు పుట్టినప్పటినుంచీ నేను రోజూ పొద్దున్నే దండం పెడుతూ మెసేజ్ పంపేవాణ్ణి. ఒక్కరూ తిరిగి దండం పెట్టలేదు. నా పేరు పెట్టి, నన్నే ఉద్దేశించి వచ్చిన మొట్టమొదటి మెసేజ్ అది. దాన్ని చదవడానికి అందరూ ఉన్నారు, నేను తప్ప.

దుకాణదారు పెద్ద యంత్రాన్ని వాపస్ తీసుకున్నాడు. చిన్నదాన్ని వాసన చూసి తిప్పి పంపాడు. అది ఇప్పుడు నా దుకాణం గోడకు వేలాడుతోంది. బావ మడిలో చెడిన చాలును నేనే వంగి మళ్లీ నాటాను. పక్క మడిలోని ఆడవాళ్లు చూసి, "అన్నా, వంకరవోతున్నవ్," అన్నారు. జీపీఎస్ లేకపోతే నా గీత అంతే.

అందుచేత భూమ్యాకాశాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రోడ్డు తిరిగిన చోట నేనూ తిరుగుతాను. వర్ని నుంచి ఫోన్ వస్తే మొదటి మోతకే ఎత్తుతాను. ఎంత మంది నవ్వే బొమ్మలు పెట్టినా గ్రూపు వదలను.

ఈ చివరి మాట నిలబెట్టుకోవాలంటే ముందు నన్ను గ్రూపులో చేర్చాలి. చేర్చగలిగిన మనిషి బావ ఒక్కడే. ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. చదివినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రాదు. నిఖిల్ ఒంటరిగా పోయి క్షేమంగా దిగాడట. ఆ ఫొటోలు గ్రూపులో పెట్టాడట. ఈ సంగతి మేనమామనైన నాకు సుబ్బారావు గారు చెబితే తెలిసింది, బావ ఫోన్‌లో ఆయనా చూశారు కనుక.

బావా, నేను తొక్కిన మడి మళ్లీ పచ్చబడి, గింజ పట్టి, కోతకు కూడా వచ్చింది. మీ హార్వెస్టర్‌కు బెల్టు కావాలని నా దుకాణానికే మనిషిని పంపావు. బెల్టు పంపించాను. నన్ను గ్రూపులో ఎప్పుడు చేరుస్తున్నావు? ఈసారి టిక్కులు వద్దు. జవాబు చెప్పు.