కుడికాలి లోపలి అంచు

ఆరేళ్లుగా ఒక మాటను గొంతులో మోస్తున్నాను. నేను అబద్ధమేమీ చెప్పలేదు, నోరు మూసుకున్నానంతే. ఆ రెండింటికీ తేడా ఉందని నన్ను నేను సమర్థించుకోవడం కూడా ఇప్పుడు చేతకావడం లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కువైట్ సిటీలో ఒక ఐస్ రింకులో పని చేస్తాను. మంచు మీద బండి నడిపి నున్నగా చేయడం, స్కేటింగ్ బూట్ల బ్లేడులకు సాన పట్టడం నా పని. మాది రాయచోటి వైపు. ఇక్కడికి రాకముందు నేను మంచును చూసింది సోడా బండి దగ్గరే.

ఇర్ఫాన్ మా ఊరివాడే. వాళ్ల నాన్న ఇక్కడే ఖైతాన్‌ పేటలో టైలరు. వాడు కాలేజీ ఐస్ హాకీ జట్టుకు గోలీ, అంటే గోల్ దగ్గర కాపు కాసేవాడు. కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు చిరిగితే వాళ్ల నాన్నే మిషన్ మీద కుట్టిచ్చేవాడు. రోజూ పొద్దున, రింకు తెరవకముందు, ఎవరికీ తెలియకుండా వాడిని లోపలికి రానిచ్చేవాణ్ణి. నేను కర్రతో రబ్బరు బిళ్ళ కొట్టేవాణ్ణి, వాడు ఆపేవాడు. మొదట్లో పదికి ఆరు లోపలికి పోయేవి. మూడేళ్లకు ఒక్కటి పోవడమే గగనమైంది. మోకాళ్ల మీద పడ్డాక లేవడానికి తాత్సారం చేసేవాడు. అది మాన్పించింది నేనే. చూడండి, ఇప్పటికీ నేనే నేనే అంటున్నాను.

వాడి చదువు ఆఖరి ఏడాదిలో బయటి దేశపు క్లబ్బు కోచ్ ఒకాయన రెండు రోజులు చూడటానికి వచ్చాడు. నచ్చితే తనతో తీసుకెళ్తాడు. అక్కడ నిలదొక్కుకుంటే జీతమిచ్చే ఆట. మొదటిరోజు వాడు గోడలా నిలబడ్డాడు. ఎవరు నేర్పారని కోచ్ అడిగాడు. మా రింకు మేనేజరూ నేనూ పక్కనే ఉన్నాం. నేను మెడ కాస్త నిటారుగా పెట్టుకున్నాను కూడా. ఎవరూ లేరు, వీడియోలు చూసి నేర్చుకున్నానన్నాడు వాడు. మరి ఇతనెవరని నన్ను చూపిస్తే, ఇక్కడ మంచు శుభ్రం చేసే మనిషి అన్నాడు.

నిజమే కదా? మరి ఎందుకంత మండింది నాకు? ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అనుకున్నాను.

మర్నాడు బూట్లు సానకు ఇచ్చాడు. ఎప్పటిలాగే పట్టాను. చివర చిన్న రాయితో, సానకు అంచున లేచిన ఇనుప పొట్టు తీస్తాం. కుడి బ్లేడు లోపలి అంచు మీద ఆ రాయిని ఏటవాలుగా రెండుసార్లు గట్టిగా లాగాను. అంతే, అంచు చచ్చింది. గోలీ ఎడమకు దూకాలంటే కుడికాలి ఆ అంచుతోనే మంచును తన్నాలి. గోరు మీద రుద్ది చూశాను, గీత పడలేదు. తెలిసే చేశాను.

ఆ రోజు కోచ్ ముందు ఎడమవైపు కొట్టినవన్నీ లోపలికి పోయాయి. కాలు జారింది, మళ్లీ జారింది. కోచ్ తను రాసుకుంటున్న పుస్తకం మూసేశాడు.

వాడు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. "బ్లేడు బాగలేదేమోరా," అన్నాను. ఎందుకన్నాను? పట్టుబడాలనా?

"బ్లేడుకేమి చిన్నాయనా, నువ్వు పట్టిన సానే గదా. నా కాలే మోసం జేసింది." రెండో బూటు లేసు లాగుతూ అన్నాడు: "నిన్న నీ పేరు జెప్పలేదని మనసులో పెట్టుకోవాకు. మేనేజరు పక్కనే ఉండె. పొద్దన్నే నన్ను ఊరికే లోపలికి ఇడుస్తాండావని తెలిస్తే నీ పనికి ఎసరొస్తాదని గమ్మునుంటి."

కోచ్ అప్పటికింకా తలుపు దగ్గర కాఫీ తాగుతున్నాడు. పదడుగుల దూరం. బ్లేడు చూపించి నిజం చెబితే, వాడికి ఇంకో అరగంట దొరికేదేమో. నేను కదల్లేదు. పని పోతుందని. వాడు కాపాడిన ఆ పనినే పట్టుకుని, వాడిని అక్కడే వదిలేశాను. ఉక్రోషంతో చేసినదాన్నయినా మనిషి తప్పు అనుకోవచ్చు. ఈ రెండోదాన్ని ఏమనాలి?

ఇప్పుడు వాడు సిటీ బయట కబ్ద్ తోటల నుంచి కూరగాయల వ్యాను నడుపుతున్నాడు. మంచు మీదికి మళ్లీ రాలేదు. పోయిన శుక్రవారం నా గదికి వచ్చి కీరకాయలు ఇచ్చిపోయాడు. వెళ్తూ కుడికాలు చూపించి, ఇదే నన్ను ముంచిందని నవ్వాడు. నేనూ నవ్వాను.

వాడి కాలు బాగానే ఉండింది. అంచు చంపింది నేను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఆరేళ్లు పట్టింది, అదీ వాడికి కాదు, మీకు. కాస్త ఊపిరాడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.