కుళ్ళాయప్ప గారి ఇరవై నాలుగో గుండు

ఈ సంవత్సరం ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలకు కుళ్ళాయప్ప గారు తమ ఎనభై ఒకటో ఏట కీర్తిశేషులయ్యారు. ఆ సమయానికి మా ఇంటి వసారాలోని ఉష్ణమాపకం పద్దెనిమిది డిగ్రీలు చూపుతోంది. ఆకాశం నిర్మలంగా ఉంది. తూర్పు గాలి స్వల్పంగా వీస్తోంది. చివరి వాన పడి డెబ్బై మూడు రోజులైంది. ఆయన కుమార్తె సుంకమ్మ ఫోను చేసి "నాయన పోయినాడు సార్" అన్నప్పుడు నేను చేసిన మొదటి పని గడియారం చూడడం. ఇది నిర్దయగా తోచవచ్చు. ఉద్యోగ జీవితమంతా తేదీలూ అంకెలూ రాసిన చేయి నాది. సమయం కాగితం మీద పెట్టాను. ఆ తరువాత కొంతసేపు ఏం జరిగిందో నా దగ్గర నమోదు లేదు.

మూడో రోజున ఒక స్థానిక పత్రికలో "జింకల వేటగాడి మృతి" అన్న శీర్షికతో మూడు వాక్యాల వార్త వచ్చింది. మొదటి వాక్యంలో వయసు తప్పు. రెండో వాక్యంలో ఊరి పేరు సరిగానే ఉంది. మూడో వాక్యం ఆయన కృష్ణజింకను కాల్చి చంపిన కేసులో నిందితుడని చెప్పింది. పోయిన మనిషి విషయంలో ఆ సంగతి మళ్లీ కదపవద్దనీ, ఆయన దానగుణం గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకొమ్మనీ మిత్రులు నాకు హితవు చెప్పారు. నేను ఊరుకోను. ఈ వ్యాసం ఆ మూడో వాక్యానికి సమాధానం.

ముందుగా నేనెవరో చెప్పాలి. తహశీలు కార్యాలయంలో వర్షపాతం పట్టికనూ, పంట కాపలా తుపాకుల రిజిస్టరునూ నిర్వహించిన విశ్రాంత గుమాస్తాను. కుళ్ళాయప్ప గారు నాకంటే మూడేళ్లు పెద్ద. బత్తలపల్లెకూ రాప్తాడుకూ నడుమనున్న మా ఊరి గుట్ట కింద ఏడెకరాల ఎర్రనేలలో వేరుశెనగ పండించిన రైతు. తండ్రి నుంచి ఆయనకు సంక్రమించినవి రెండే. ఒకటి ఆ చేను. రెండోది మూతి గుండా మందు కూరి కాల్చే పాతకాలపు నాటు తుపాకి.

ఆయన వేటాడలేదని నేను రాయను. వేటాడారు. వన్యప్రాణుల చట్టం 1972లో వచ్చింది. అంతకు ముందు ఆయన చేత పడిన కృష్ణజింకలు పదకొండు. అన్నీ మగవే. మా వైపు మగజింకను ఇర్రి అంటారు. ఆడజింక మీద ఆయన ఎన్నడూ తుపాకి ఎత్తలేదు. ఈ లెక్క ఇంకెవరో చెప్పినది కాదు. ఎవరడిగినా ఆయనే చెప్పేవారు. దాచేవారు కారు, గొప్పగా చెప్పుకొనేవారూ కారు. జిల్లేడు బొగ్గును వేళ్ల మధ్య నలిపి, దానితో చేసిన మందు పచ్చిదో ఆరినదో చెప్పగల నేర్పు ఆయనది. గుండ్లు తానే అచ్చులో పోసుకొనేవారు. ఆ అచ్చులో ఒకచోట లోపముండడం వల్ల అచ్చు కలిసే చోట ప్రతి గుండుకూ పడే నడుము గీత పక్కన ఆవగింజంత మచ్చ కూడా పడేది.

పదో ఇర్రిని కొట్టిన నాడు నేనూ వెంట ఉన్నాను. అప్పుడే కొలువులో చేరిన ఇరవై నాలుగేళ్ల యువకుణ్ణి. వేకువన బయలుదేరాం. గాలికి ఎదురుగా, గులకరాళ్ల మీద పొట్టతో పాకుతూ మూడు వందల గజాలు దాటడానికి మాకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. ఆ తుపాకిలో ఒక్కసారి మందు పోసి, కొబ్బరిపీచు కూరి, గుండు దించి, మళ్లీ పీచు కూరి, మందు అంటించే రేకు టోపీ బిగించడానికి యాభై రెండు సెకన్లు పడుతుంది. గడియారం పట్టి చూసిన లెక్క ఇది. అంటే తప్పిన గుండుకు రెండో అవకాశం లేదు. యాభై అయిదు అడుగుల దూరం నుంచి ఆయన కాల్చారు. తెల్లని పొగ మా ముందు గోడలా నిలిచింది. పడింది, పడింది అని నేను లేవబోయాను. ఆయన నా భుజం పట్టి కూర్చోబెట్టారు.

"పొగ పోనీ అప్పా. పొగ పోకముందే మాట్లాడద్దు."

పొగ విడేదాకా ఆయన కన్నార్పలేదు. ఇర్రి పడే ఉంది. కాని ఆ మాటను నేను ఆ రోజు వేట ముచ్చటగానే విన్నాను.

చట్టం వచ్చింది. ఆయన మానేశారు. మానడం గురించి ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. "వద్దన్నారు, ఇడిస్తిమి" అని మాత్రం అనేవారు. తుపాకి పంట కాపలాకు మిగిలింది. తెల్లవారుజామున చేనులోకి మంద దిగితే మందు, పీచు మాత్రమే కూరి గాలిలోకి పేల్చేవారు. ఆ చప్పుడుకు జింకలు గుట్ట ఎక్కేవి. సీసపు గుండ్లు ఇరవై నాలుగు ఒక బిస్కెట్ల డబ్బాలో కదలకుండా ఉండేవి.

లైసెన్సు గడువు తీరినప్పుడల్లా ఆయన ఆ డబ్బాతో నా బల్ల ముందుకు వచ్చేవారు. నేను గుండ్లను వరుసగా పేర్చి లెక్కించేవాణ్ణి. "ఏమప్పా గుమాస్తా, పిల్లల్ని పెట్టినాయేమో చూడు" అని కార్యాలయమంతా నవ్వేలా అనేవారు. నా ఉద్యోగకాలంలో తొమ్మిది సార్లు లెక్కించాను. తొమ్మిది సార్లూ ఇరవై నాలుగే. ప్రతిఫలంగా ఆయన నా లెక్కలను నమ్మేవారు. వాన వెలిసిన గంటకు మా గుమ్మంలో నిలబడి నా వర్షమాపకం ఏమంటోందని అడిగేవారు. పదకొండు మిల్లీమీటర్లని నేనంటే, ఊరంతా మంచి వాన అని సంబరపడుతున్నా, విత్తనం వేయకుండా ఆగేవారు.

ఆరున్నరేళ్ల కిందట సెప్టెంబరు పద్దెనిమిదో తేదీ, మంగళవారం. నా మాపకంలో ముప్పై నాలుగు రోజులుగా చుక్క లేదు. గుట్ట మీద గడ్డి మాడిపోయి జింకలు పొలాల మీదనే ఉంటున్న కాలం. ఆ ఉదయం తొమ్మిది గంటలకు ఆయన పొరుగు చేనులో ఒక ఇర్రి చచ్చి పడి ఉంది. డొక్కలో రంధ్రం ఉంది. ఊరిలో తుపాకి ఉన్న ఇల్లు ఒక్కటే. మధ్యాహ్నానికి అధికారులు వచ్చి తుపాకినీ డబ్బానూ స్వాధీనం చేసుకున్నారు. గుండ్లు లెక్కించి సాక్షి సంతకం పెట్టే పంచాయతీదారుగా ఊరివారు నా పేరు చెప్పారు. తొమ్మిది సార్లు లెక్కించిన మనిషి కన్న తగినవాడెవరు?

పేర్చి లెక్కించాను. ఇరవై మూడు. చెదిరిపోయాయేమోనని మళ్లీ లెక్కించాను. ఇరవై మూడు. డబ్బా బోర్లించి తట్టాను. ఏమీ రాలలేదు. ఎదురుగా అరుగు మీద కూర్చున్న కుళ్ళాయప్ప గారు నా చేతుల వైపే చూస్తున్నారు. అధికారి చంపావా అని అడిగాడు.

"చంపలే సార్."

"మరి ఒక గుండు ఏమైంది?"

దానికి ఆయన జవాబివ్వలేదు. మునుపెప్పుడైనా జింకను చంపావా అని అధికారి తిప్పి అడిగాడు.

"చట్టం రాకముందు పదకొండు కొట్టినా. కూర బాగుండె."

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆ నవ్వు ఆయనకు చేసిన కీడు ఇంతా అంతా కాదు. తుపాకి మూతి వాసన చూసి, మందు వాసన ఉందని రాశారు. నేను ఇరవై మూడు అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. అంకె సరైనదే. అంకె సరైనదైతే నిజమూ సరైనదేనని నేను నమ్మాను. పొగ పోకముందే మాట్లాడిన మనిషిని నేను.

కోర్టులో నలభై ఒక్క వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకూ ఆయన ధర్మవరం వైపు నుంచి వచ్చే మొదటి బస్సెక్కి వెళ్లారు. ఒక్కటీ తప్పలేదు. తుపాకి లేని చేనులో రేకు పళ్లెం వాయించి జింకలను తోలారు. ఆ చప్పుడు విని ఊరి కుర్రకారు "సూపర్ హిట్ వేటగాడు" అని ఎగతాళి చేసినా తల తిప్పలేదు. తెలిసినవారు ఒకరు, ఒప్పుకొని సంతకం పెడితే వయసు చూసి తేలికగా వదిలేస్తారని నచ్చజెప్పబోయారు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"చంపని దానికి సంతకం బెడితే, చంపిన పదకొండూ అబద్ధమైపోతాయప్పా."

నా మీద ఆయన కోపం పెట్టుకోలేదు. నాకు అదే భరించరానిదయింది. ఒకనాడు నేనే ధైర్యం చేసి ఆ లెక్క మాట ఎత్తాను. "నువ్వు పెట్టింది లెక్కనే కదా, నిందేం గాదే" అని, వెంటనే వాన ఎన్ని మిల్లీమీటర్లని అడిగారు. ఆ రోజు వాన రెండు మిల్లీమీటర్లు. అడగవలసినంత వాన కాదు.

ఆయన మరణంతో కేసు ముగిసింది. తీర్పు రాలేదు. నేరం రుజువు కాలేదు, నిర్దోషి అనీ ఎవరూ అనలేదు. అదే పత్రికలో మూడో వాక్యమయింది. ఏప్రిల్ తొమ్మిదో తేదీ, బుధవారం, ఉదయం పదకొండు గంటలకు స్వాధీనమైన వస్తువులను తేల్చడానికి రమ్మని సుంకమ్మకు స్టేషను నుంచి కబురొచ్చింది. పాత పంచాయతీదారుగా నన్నూ పిలిచారు. బయట ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండ.

ఆయుధాల పని తెలిసిన హెడ్ కానిస్టేబులు తుపాకిని ఒడిలో పెట్టుకొని, మందు కూరే ఇనుప కడ్డీని గొట్టంలోకి దించాడు. అడుగు తగిలిన చప్పుడు వినిపించింది. కడ్డీ మీద మూతి దగ్గర బొటనవేలు గోటితో ఆనవాలు పట్టి, బయటికి తీసి, గొట్టం పక్కనే ఆనించి పెట్టాడు. కడ్డీ కొన గొట్టం చివరిదాకా రాలేదు. నేను జేబులోని స్కేలు తీసి కొలిచాను. రెండుంబావు అంగుళాలు తక్కువ.

"దీంట్లో లోడు ఉండాది సార్" అన్నాడతను.

టోపీ లేదు కనుక ప్రమాదం లేదు. కొనకు మర ఉన్న మరో కడ్డీతో మెల్లగా తిప్పి లాగాడు. మొదట ఎండిన కొబ్బరిపీచు వచ్చింది. తరువాత గుండు. దాన్ని నా అరచేతిలో పెట్టాడు. నడుమున గీత ఉంది. గీత పక్కన ఆవగింజంత మచ్చ ఉంది. ఆపైన మరికొంత పీచు, గడ్డకట్టిన మందు కాగితం మీద రాలాయి. మూతి దగ్గర మందు వాసన ఎందుకుందో అప్పుడు తెలిసింది. లోపల మందు ఉంది కనుక ఉంది. తొమ్మిది సార్లు డబ్బాతోనే పూర్తయిన లెక్క నన్ను పదోసారి కూడా డబ్బా దగ్గరే ఆపింది. గొట్టంలో కడ్డీ దించి చూడమని నేను ఒక్క మాట అని ఉంటే నలభై ఒక్క వాయిదాలు ఉండేవి కావు.

సుంకమ్మ ఏడవలేదు. ఆ గుండును చూసి, తనకు ముందే తెలుసునంది. తండ్రి ఒట్టు పెట్టించుకొన్నందువల్ల చెప్పలేదంది.

"ఆ ఇర్రి మూడు తూర్లు చేను మేసినాది సార్. నాలుగో తూరి నాయన గుండేసుకోని పోయినాడు. ఎదురుగానే నిలబడినాదంట. టోపీ పీకి జేబులో ఏసుకోని ఇంటికొచ్చినాడు. 'ఇన్నేండ్లకు చెయ్యి పాత దావ పట్టబోయమ్మా' అన్నాడు. గుండు తీసేంతలో వీళ్లొచ్చి తుపాకి ఎత్తకపోయిరి. గొట్టంలోనే ఉండాదని చెప్పు నాయనా అంటే ఇనలే."

ఎందుకు వినలేదని నేనడిగాను.

"'చంపాలని గుండేసినోన్ని, చంపలేదని సాక్ష్యం ఎత్తకపోయి చూపిచ్చేదేందమ్మా? చంపలేదని నోటితో చెప్పినా. అంతే' అన్నాడు."

ఈ వాక్యాన్ని నేను రెండుసార్లు చెప్పించుకొని రాసుకొన్నాను. తనను విడిపించగల వస్తువు ఎక్కడుందో తెలిసి, ఆ వస్తువే తన మనసులోని ఒక క్షణాన్ని కూడా బయట పెడుతుందని ఆరున్నరేళ్లు నోరు విప్పని మనిషి ఆయన. చేయని నేరానికి తల వంచలేదు. చేయబోయిన తప్పుకు తనను తానే శిక్షించుకొన్నారు. దీన్ని మొండితనమన్నవారున్నారు. అననివ్వండి. అంతటి మొండితనం ఈ కరువు నేలలో నేను మరొకరి దగ్గర చూడలేదు, ఇక చూడబోను.

ఆ రోజే శవపరీక్ష నివేదిక ప్రతి అడిగి చదివాను. ఇర్రి దేహంలో సీసం దొరకలేదని ఉంది. గుండు దూసుకొని పోయి ఉండవచ్చని ఉంది. అవతలి డొక్కలో రంధ్రం ఉన్నట్టు ఎక్కడా లేదు. రెండు ఇర్రులు పోట్లాడితే కొమ్ము ఎంత లోతు దిగుతుందో మా ఊరిలో పశువులు మేపే ప్రతి మనిషికీ తెలుసు. ఆ కాగితం అన్నేళ్లూ దస్త్రంలోనే ఉంది. నేనూ చదవలేదు, ఎవరూ చదవలేదు.

మే నెల నాలుగో తేదీ సాయంత్రం మా ఊరిలో ఆరు మిల్లీమీటర్ల వాన పడింది. మాపకం చూసి, రాసుకొని, అలవాటుగా గుమ్మం వైపు చూశాను. అంకె చెప్పడానికి మనిషి లేడు. ఏభై ఏళ్లకు పైగా నా లెక్కలు చదివిన ఏకైక పాఠకుడు ఆయన. ఆ స్థానం భర్తీ అయ్యేది కాదు.

కుళ్ళాయప్ప గారికి నేను సమర్పించగల నివాళి ఒక్కటే. నాడు సంతకం చేసిన చేతితోనే ఇరవై మూడును కొట్టివేసి, స్టేషను కాగితం మీద తేదీ వేసి, సరైన అంకె రాశాను. వేటగాడని రాసిన పత్రికకూ ఒక ప్రతి పంపాను. వేస్తారో లేదో నాకు అనవసరం.

డబ్బాలో ఇరవై మూడు, గొట్టంలో ఒకటి, వెరసి ఇరవై నాలుగు. చట్టానికి ముందు ఆయన కొట్టిన ఇర్రులు పదకొండు. చట్టం వచ్చిన తరువాత, సున్న.